మామగారి గటక మూడుసార్లూ చెడింది

ఉత్తరం రాసిన ఆమె వయసు 34. పుట్టిల్లు తెనాలి, అత్తిల్లు జగిత్యాల దగ్గర పల్లె, కాపురం కూకట్‌పల్లిలో. ఒక ఆఫీసులో లెక్కలు చూస్తారు. ఇంట్లో భర్త, ఏడేళ్ళ బాబు, ఈ జనవరి నుంచి మామగారు. కిందటేడు దసరాకు ముందు అత్తగారు పోయారు. పల్లెలో ఒక్కరే ఎలా ఉంటారని 71 ఏళ్ళ మామగారిని తమ దగ్గరికి తెచ్చుకున్నారు. ఆయన దేనికీ పేచీ పెట్టే మనిషి కాదు. వచ్చిన నెలకు ఒక్కసారి మాత్రం, "మక్క గటక తిని ఎన్ని దినాలాయెనో బిడ్డా" అన్నారట. మక్కలంటే మొక్కజొన్నలు, గటక అంటే వాటి రవ్వను ఉడికించి చేసే ముద్ద. అదే మొదలు.

మొదటిసారి సూపర్‌మార్కెట్‌లో కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్ కొని చేశారు. బట్టలకు పెట్టే గంజిలా తెల్లగా, జారుడుగా వచ్చింది. బాబు జెల్లీ అన్నాడు, భర్త నవ్వారు. మామగారు నవ్వలేదు, మజ్జిగ పోసుకుని తాగేశారు. రెండోసారి స్వీట్‌కార్న్ కంకులు ఒలిచి, మేడ మీద ఎండబెట్టి మిక్సీ పట్టారు. ముద్ద తియ్యగా, జిగటగా వచ్చింది. మూడోసారి ఊరి నుంచి చినమామగారు పది కిలోల మక్కలు పంపారు. మిక్సీలోంచి కాలిన వాసన వచ్చింది, పిండీ పలుకులూ కలిసిపోయాయి, వండితే ముద్ద మెత్తగానే ఉంది కానీ పంటి కింద రాళ్ళు తగిలినట్టయింది. మిగిలిన పిండి డబ్బాలో పోసి పెడితే మే నెలకల్లా చేదెక్కింది. దాంతోనే ఒకరోజు చేస్తే మామగారు రెండు ముద్దలు తిని "కడుపు నిండింది" అని లేచిపోయారు. జులైలో, వాష్ ఏరియాలో పెట్టిన గోనెసంచి విప్పి చూస్తే ముక్క వాసన. కొన్ని గింజల మొదళ్ళ దగ్గర పచ్చటి బూజు. మిగిలిన ఆరు కిలోలూ చెత్తబండిలో వేసేశారు.

ఈ సంగతి ఆడపడుచుకు తెలిసింది. "అమ్మ ఉంటే ఒక్క గింజ పారేసేది కాదు, కనీసం కోళ్ళకైనా వేయించేది" అన్నారు ఫోన్లో. భర్త మాత్రం "ప్యాకెట్ తెప్పించు, లేదా మానెయ్, దీనికింత టెన్షన్ ఎందుకు" అంటారు. వచ్చే నెల అత్తగారి సంవత్సరీకం, ఆడపడుచు వస్తున్నారు. "ఆలోపు నేర్చుకోవాలి, లేదా నా వల్ల కాదని చెప్పేయాలి. రెండూ చేతకావడం లేదు. మక్కలు పారబోయడం తప్పా? సున్నం నీళ్ళలో ఉడికించాలని ఒక వీడియోలో చెప్పారు, అలా చేయాలా? మామయ్యకు షుగర్ ఉంది, అసలు పెట్టొచ్చా?" అని అడిగారు. కింద ఇంకో వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవడానికి వచ్చింది: "ఇదంతా నేనే ఎందుకు చేయాలి?"

అమ్మా,

ఆ కొట్టేసిన ప్రశ్న దగ్గరికి తర్వాత వస్తాను. ముందు పారబోసిన మక్కల మాట. ఎందుకంటే మూడు పేజీల ఉత్తరంలో ఒక పేజీ దాని గురించే ఉంది.

మీరు చేసింది మంచి పని. మక్కలకు తేమ తగిలితే ఒక రకం బూజు పడుతుంది, అది గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఆ విషం లివర్‌ను దెబ్బతీస్తుంది. కడిగితే పోదు, ఎండబెడితే పోదు, గంటసేపు ఉడికించినా పోదు. బూజు దులిపేస్తే గింజ శుభ్రంగా కనిపిస్తుంది కానీ విషం లోపలే ఉంటుంది. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాల్లో కోతల ముందు అకాల వర్షాలకు మక్కలు తడిశాయి. అవే గింజలు తిన్న గిరిజన గ్రామాల్లో కామెర్లు వచ్చి, పొట్టలో నీరు చేరి వందమందికి పైగా చనిపోయారు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే వెళ్ళి పరిశోధించి, కారణం ఆ బూజేనని తేల్చారు. ఇప్పుడు మన దేశంలో తిండిగింజల్లో ఈ విషం కిలోకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని నియమం ఉంది. అంత చిన్న మోతాదు కంటికి కనిపించేది కాదు.

సంచిలో నాలుగు గింజలు పాడై, మిగతావి గట్టిగా, కమ్మని వాసనతో ఉంటే ఆ నాలుగూ ఏరేసి వాడుకునేవారు పూర్వం. ఏరితే చాలావరకు ప్రమాదం తగ్గుతుంది కూడా. కానీ సంచి మూతి విప్పగానే ముక్క వాసన కొట్టిందంటే అది నాలుగు గింజల వ్యవహారం కాదు. ఇక కోళ్ళ మాట. మీ ఆడపడుచుగారు మనసు కష్టపెట్టుకుని అన్నారు కానీ, కోళ్ళకూ అది విషమే. గేదెకు పెడితే పాలలోకి వస్తుంది.

అయితే ఒక్క మాట చెప్పాలి. ఆ సంచి మామగారికి చూపించి పారబోశారా? మీరు రాయలేదు. ఆయన జీవితమంతా గింజ చూసి బతికిన రైతు. ఒక గుప్పెడు తీసి చేతిలో పోస్తే, వాసన చూసి "పారబొయ్యి బిడ్డా" అని ఆయనే అనేవారు. అప్పుడు ఆడపడుచుకు ఫోన్లో చేరే మాట "మరదలు పారేసిందట" అని ఉండేది కాదు, "నాన్న పారబొయ్యమన్నడట" అని ఉండేది. తమ్ముడి పొలం గింజ తనకు తెలియకుండా చెత్తబండి ఎక్కిందన్నది ఆయనకు కాస్త ముల్లులా గుచ్చుకుని ఉంటుంది. అది సరిదిద్దుకోలేనిదేం కాదు. ఇవాళ సాయంత్రమైనా, బూజు ఎలా పట్టిందో, ఎందుకు భయపడ్డారో ఆయనకు చెప్పండి.

ఇప్పుడు మీ చేతిలో మూడుసార్లు ఏం జరిగిందో చూద్దాం. మూడూ మూడు వేరే తప్పులు. అంటే మీకు వంట రాదని కాదు, ఎవరూ చెప్పలేదని.

కార్న్‌ఫ్లోర్ అని మన దగ్గర అమ్మేది మక్కపిండి కాదు. మక్కలను నానబెట్టి, పొట్టూ అంకురమూ మాంసకృత్తులూ తీసేసి, గంజి పదార్థాన్ని మాత్రమే ఆరబెట్టి చేసిన పొడి. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో స్టార్చ్ అని ఉంటుంది. వేళ్ళ మధ్య నలిపితే కిరకిరమంటుంది. మంచూరియాకు బాగుంటుంది, గటకకు పనికిరాదు. మీ బాబు జెల్లీ అన్నాడంటే వాడి తప్పేం లేదు.

స్వీట్‌కార్న్‌లో చక్కెర పూర్తిగా గంజిగా మారదు, అందుకే అది తియ్యగా ఉంటుంది. ఎండితే గింజ ముడతలు పడి తోలులా అవుతుంది. దాన్నుంచి రవ్వ రాదు.

మూడోసారి మీరు సరైన గింజతోనే మొదలుపెట్టారు. అక్కడ రెండు పొరపాట్లు. ఒకటి, పొట్టు తీయకుండా ఒకేసారి జారు నింపి తిప్పారు. ఎండిన మక్క చాలా గట్టిది, మిక్సీ దానిని పగలగొట్టేలోపు పగిలినదంతా పిండవుతుంది, పగలనిది రాయిలా మిగిలిపోతుంది, మోటారు వేడెక్కుతుంది. రెండోది, పిండిని డబ్బాలో రెండు నెలలు పెట్టారు. మక్కగింజలో అంకురం బరువులో పదో వంతు ఉంటుంది, గింజలోని నూనెలో ఎక్కువ భాగం దానిలోనే ఉంటుంది. గింజ గింజగా ఉన్నంతకాలం ఆ నూనె భద్రం. పిండి పట్టగానే గాలి తగిలి మెల్లగా చెడుతుంది, అదే ఆ చేదు. కొట్లో కొనే రవ్వ నెలల తరబడి నిలవ ఉంటుందంటే, అంకురం తీసేసి పట్టారు కాబట్టి. ఇంట్లో పట్టినది ఎండాకాలంలో రెండు వారాలు దాటకూడదు, ఫ్రిజ్‌లో గట్టి మూత డబ్బాలో అయితే నెలన్నర, డీప్ ఫ్రీజర్‌లో ఇంకా ఎక్కువ. మీ అత్తగారికి ఈ కారణం తెలుసో లేదో గానీ, ఆమె పదిరోజులకు సరిపడానే విసురుకుని ఉంటారు. మా అమ్మ అంతే. మేం నిజామాబాద్ వైపు వాళ్ళం, మా ఇంట్లో ఇసుర్రాయి చప్పుడు లేని ఆదివారం ఉండేది కాదు. చదువుకునే రోజుల్లో ఆ గటకంటే నాకు మొహం మొత్తేది, ఇప్పుడు ఇలా పాఠం చెబుతున్నాను చూడండి.

మక్కలు మళ్ళీ తెప్పించుకోవాలంటే చినమామగారిని ఒక్క మాట అడగండి: వానకాలం పంటా, యాసంగి (రబీ) పంటా అని. వానకాలం మక్క కోతకొచ్చేసరికి ఆకాశం ఇంకా తడిగానే ఉంటుంది. గింజ సరిగ్గా ఆరకముందే సంచిలోకి ఎక్కుతుంది. యాసంగి మక్క మార్చి, ఏప్రిల్ ఎండల్లో కోసి ఆరబోస్తారు, కొరికితే టక్కున విరుగుతుంది. యాసంగి గింజ వాళ్ళింట్లో ఇంకా ఉంటే రెండు కిలోలే పంపమనండి. పది కిలోలు అపార్ట్‌మెంట్‌లో పెట్టుకోవడానికి మనకు గాదెలు లేవు. వాష్ ఏరియాలో అసలు వద్దు. పురుగు భయం ఉంటే గింజలను నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి తీసి, నీడలో ఆరబెట్టి డబ్బాలో పోయండి. ఇంకో రెండు జాగ్రత్తలు, ఇవి తేలిగ్గా తీసుకోవద్దు. విత్తనాలుగా కొని మిగిలిన మక్కలు, అంటే గులాబీ రంగో ఎర్రరంగో మందు పట్టించినవి, ఎంత కడిగినా తినకూడదు. గింజల నిలవకు విషం బిళ్ళలు వేసిన సంచిలోవి కూడా వద్దు. ఊళ్ళో ఎవరూ కావాలని పంపరు, కానీ అమ్మకానికి పెట్టిన సంచుల్లోంచి తీసి పంపేటప్పుడు మర్చిపోతారు. ఫోన్ చేసినప్పుడు అడగండి.

గింజను రవ్వ చేయడం ఇలా. కిలో మక్కలు ఏరి, చాటలో చెరిగి, మీద పిడికెడు నీళ్ళు చిలకరించి కలిపి, అరగంట మూత పెట్టండి. పైపొట్టుకు తడి తగిలి లోపలి గట్టి భాగం నుంచి వదులవుతుంది. రోలూ రోకలీ ఉంటే కాసేపు దంచి చెరిగితే పొట్టు లేచిపోతుంది. లేకపోతే అలాగే గిర్నికి తీసుకెళ్ళి "గటకకు దొడ్డు రవ్వ కావాలి, పిండి కాదు" అని చెప్పండి. మీ వైపు పిండిమర అంటారు కదా, కూకట్‌పల్లిలో గిర్ని అని అడిగినా చూపిస్తారు. గోధుమలు పట్టిన వెంటనే మీవి పోస్తే ఆ పిండి కలుస్తుంది, మొదటి గుప్పెడు వదిలేయమనండి. మిక్సీలోనే చేయాలంటే చిన్న జారులో రెండు పిడికెళ్ళకు మించి వేయొద్దు. నాలుగైదు సార్లు ఆపి ఆపి తిప్పండి, జల్లించండి, పైన మిగిలిన పలుకులు మళ్ళీ వేయండి. మూడు వాయిలకోసారి మిక్సీకి పది నిమిషాలు విశ్రాంతి. గంట పని. అందుకే మిక్సీ కంటే గిర్ని మేలంటాను.

తెచ్చాక రెండు జల్లెళ్ళు పట్టండి. సన్న జల్లెడలోంచి పడింది పిండి, దొడ్డు జల్లెడలోంచి పడింది రవ్వ, పైన మిగిలింది పొట్టూ పెద్ద పలుకులూ. మీ మూడో గటకలో రాళ్ళు తగలడానికి కారణం ఈ జల్లించడం లేకపోవడమే. పిండీ రవ్వా ఒకే మంట మీద ఒకే సమయంలో ఉడకవు. పిండి అయిదు నిమిషాల్లో చిక్కబడి, లోపల ఉడకాల్సిన రవ్వకు నీరు అందకుండా చేస్తుంది.

వండడం. గ్లాసు రవ్వను రెండు మూడు నీళ్ళు కడగండి, పొట్టు పైకి తేలుతుంది, వంచేయండి. తర్వాత రెండు గంటలు నాననివ్వండి. రాత్రి వంటకైతే ఆఫీసు నుంచి వచ్చీరాగానే నానేస్తే సరిపోతుంది. నాలుగు గ్లాసుల నీళ్ళు ఎసరు పెట్టి, ఉప్పు వేసి, మరిగాక రవ్వ వదలండి. పొంగు వచ్చాక సెగ తగ్గించి, మూత వారగా పెట్టి, మధ్యమధ్య అడుగు దాకా తెడ్డుతో కలపండి. ఇరవై నిమిషాలయ్యాక, జల్లించిన పిండి రెండు చెంచాలు చన్నీళ్ళలో ఉండలేకుండా కలిపి పోయండి. ముద్ద దగ్గరపడటం ఆ పిండితోనే. మొత్తం ముప్పై అయిదు, నలభై నిమిషాలు పడుతుంది. రవ్వ పలుకు వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా విడిపోవాలి, లోపల తెల్లటి చుక్క కనిపించకూడదు. కుక్కర్‌లో అయితే అదే కొలత, ఆరు కూతలు, ఆవిరి దానంతటదే పోయాక తీసి తెడ్డుతో మెదపండి. చిక్కబడే సమయంలో బుడగలు పేలి చేతి మీద పడతాయి, పొడుగు తెడ్డు వాడండి. దించి పది నిమిషాలు మూత పెట్టి ఉంచితే గానీ గటక గటక అనిపించుకోదు. వేడిగా పచ్చిపులుసుతో, చింతకాయ తొక్కుతో, పప్పుతో. మిగిలింది మర్నాడు పొద్దున మజ్జిగలో పిసికి, ఉల్లిగడ్డ నంజుకుంటారు. చాలామందికి రెండోదే అసలు రుచి. మీ మామగారికి ఏది ఇష్టమో అడిగారా?

మిగిలిన సన్నపిండితో రొట్టెలు చేసుకోవచ్చు. గోధుమపిండిలా సాగదు కాబట్టి కాగిన నీళ్ళతో కలిపి, వేడి తగ్గకముందే మర్దించి, తడిబట్ట మీద చేత్తో తట్టాలి. అది వేరే కథ, ఇప్పుడు వద్దు.

సున్నం సంగతి. ఆ వీడియో అబద్ధం చెప్పలేదు, మీకు అవసరం లేని నిజం చెప్పింది. మక్క పుట్టిల్లు మెక్సికో. అక్కడివాళ్ళు వేల ఏళ్ళుగా దానిని సున్నం నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, పొట్టు కడిగి, తడిగా ఉండగానే రుబ్బి రొట్టెలు చేస్తారు. అందులో గొప్ప కిటుకుంది: మక్కలో నియాసిన్ అనే విటమిన్ మన ఒంటికి అందకుండా కట్టేసినట్టు ఉంటుంది, సున్నం ఆ కట్టు విప్పుతుంది. పంట మాత్రమే తీసుకుని ఆ పద్ధతి తీసుకోని చోట్ల పేదలు మక్కలే తిని బతికినప్పుడు, చర్మం పగిలి, మతి తప్పే పెలాగ్రా జబ్బు వచ్చింది. ఇటలీలో వచ్చింది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వచ్చింది. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు అది అంటువ్యాధి కాదు, తిండిలోపం అని చూపించాడు. మీ ఇంట్లో వారానికి ఒకటి రెండుసార్లు, పప్పూ మజ్జిగా కలిపి తినే గటకకు ఆ భయం లేదు. పైగా సున్నంలో ఉడికిస్తే వాసన, రంగు, రుచి అన్నీ మారిపోతాయి. మీ మామగారు దాన్ని గుర్తుపట్టరు. కిళ్ళీ సున్నంతో ప్రయోగాలు అసలే వద్దు.

షుగర్ గురించి చాలామంది "మక్కలు తింటే షుగర్ రాదు" అంటారు. నమ్మకండి. మక్కలోనూ బియ్యంలోలాగే ఎక్కువగా ఉండేది పిండిపదార్థమే. పొట్టు పూర్తిగా పోని దొడ్డు రవ్వ కాస్త నెమ్మదిగా అరుగుతుంది, మెత్తగా గంజిలా కాచింది తొందరగా అరుగుతుంది. కాబట్టి గటక రోజున అన్నం బదులు గటక పెట్టండి, అన్నంతో పాటు కాదు. ఒక కప్పు గటక, రెండు కప్పుల కూరా పప్పూ. ఇంట్లో షుగర్ చూసే మిషన్ ఉంటే మొదటి రెండుసార్లు తిన్న రెండు గంటలకు చూసి రాసి పెట్టుకోండి, ఆయన డాక్టరుకు ఆ కాగితం చూపించండి. మాత్రలు వేసుకునే మనిషి కాబట్టి చివరి మాట డాక్టరుదే.

ఇక కొట్టేసిన ప్రశ్న.

మీ ఉత్తరం రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. "మక్కలు ఏరుతుంటే మామయ్య వచ్చి పక్కన కూర్చున్నారు, మీరు రెస్ట్ తీసుకోండి మామయ్యా అని పంపించేశాను." మీరు మర్యాదకే అన్నారు. మీ వైపు ఇళ్ళలో పెద్దాయన చాట పట్టుకుంటే కోడలికి మాట వస్తుంది. కానీ ఆ మనిషి ఎక్కడ కూర్చోవాలో తెలియక ఏడు నెలలుగా మీ హాల్లో టీవీ ముందు కూర్చుంటున్నారు. పొలం లేదు, రచ్చకట్ట లేదు, నలభై ఏళ్ళు ఎదురుగా ఉన్న మనిషి లేదు. తనకు తెలిసిన ఒకే ఒక్క వస్తువు ఆ ఇంట్లోకి వచ్చింది, దాని దగ్గరికి వచ్చి కూర్చున్నారు. గటక అడిగింది ఆకలితో అని నాకు అనిపించడం లేదు. అయితే మనసులో మాట నేను చదవలేను, మీరూ అంతే. అడిగి చూడాలి.

మీ ముందు నాలుగు దార్లు కనిపిస్తున్నాయి నాకు.

ఆయన్ను పనిలోకి పిలవడం ఒకటి. ఏరడం, చెరగడం, జల్లించడం ఆయనవి. గిర్నికి వెళ్ళడం, ఆదివారం నలభై నిమిషాలు తెడ్డు తిప్పడం మీ ఆయనవి. ఎసరూ ఉప్పూ మీవి. దీని లాభం మీకు తెలుసు. నష్టం కూడా చెబుతాను: పెద్దాయన నోరు విప్పుతారు. "మీ అత్తమ్మ ఇట్ల చేస్తుండె" అని ప్రతి మెట్టు దగ్గరా వినిపిస్తుంది. కొన్నిసార్లు ఏడుస్తారు కూడా. మీరు దానికి సిద్ధంగా ఉండాలి. పోలికగా వింటే కాలుతుంది, కబురుగా వింటే పర్వాలేదు. ఇల్లంతా పొట్టు ఎగురుతుంది, అదొకటి.

తయారు రవ్వ తెప్పించుకోవడం రెండోది. జగిత్యాల అంగట్లో మక్కరవ్వ దొరికితే ఊరి నుంచి ఎవరైనా వచ్చేటప్పుడు కిలో తెస్తారు, వచ్చీరాగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. శ్రమ సగానికి సగం తగ్గుతుంది, వంట మాత్రం మీది. మీ ఆయన చెప్పే ప్యాకెట్ కూడా చెడ్డదేం కాదు, కార్న్‌ఫ్లోర్ కాకుండా మొక్కజొన్న రవ్వ అని చూసి కొంటే. అంకురం తీసేసినది కాబట్టి రుచి చప్పగా ఉంటుంది, మామగారు ఆ తేడా పట్టేస్తారు. అయినా తింటారు. ఇంతవరకు ఆయన తిననిది లేదు కదా.

మూడోది, మానేయడం. ఇది సిగ్గుపడాల్సిన దారి కాదు. ఉద్యోగం, బాబు, ఇల్లు ఉన్న మనిషి "మామయ్యా, నాకు ఈ వంట పట్టుబడటం లేదు, నెలకోసారి ఊరెళ్ళినప్పుడు చిన్నత్తమ్మ చేతి గటక తిందురు" అని చెప్పొచ్చు. కానీ చెప్పాలి. ఇప్పుడు జరుగుతున్నది మానేయడమూ కాదు, చేయడమూ కాదు. మీరు చేస్తారు, అది చెడుతుంది, ఆయన మింగుతారు, మీరు ఆయన ముఖం చూస్తారు. అందరికీ ఇదే ఎక్కువ కష్టంగా ఉంది.

నాలుగోది మీ ఆయన చేయడం. నవ్వకండి. ఆ వంట తిని పెరిగింది ఆయన. గటక దగ్గరపడినప్పుడు ఎలా ఉంటుందో ఆయన నాలుకకు తెలుసు, మీకు తెలియదు. "ఇంత టెన్షన్ ఎందుకు" అన్న మనిషిని ఒక ఆదివారం తెడ్డు పట్టుకోమనండి. మొదటిసారి అడుగంటుతుంది. అంటనివ్వండి. తండ్రీకొడుకులు ఇద్దరూ వంటింట్లో నిలబడి తల్లి గురించి మాట్లాడుకోవడం ఈ ఏడాదిలో ఒక్కసారైనా జరిగిందా అని కూడా ఆలోచించండి. మీ ఉత్తరంలో ఆయన దుఃఖం ఎక్కడా కనిపించలేదు, నవ్వూ విసుగూ మాత్రమే కనిపించాయి.

నేనైతే మొదటిదీ నాలుగోదీ కలిపి మొదలుపెట్టి, రెండోది చేతిలో ఉంచుకుంటాను. మీ ఇల్లు మీకు తెలిసినంత నాకు తెలియదు.

ఆడపడుచు విషయంలో ఒక చిన్న సలహా. ఆమెకు జవాబు మీరు చెప్పొద్దు, ఆమె తమ్ముడిని చెప్పనివ్వండి. "మక్కలకు బూజు పట్టింది, నాన్నకు పెడితే ప్రమాదమని మేమే పారబోసినం అక్కా." అంతే, "మేమే" అన్న మాటతో. మీరు చెబితే అది వాదన అవుతుంది. ఆమె కూడా తల్లిని పోగొట్టుకున్న కూతురే. తండ్రి మరొకరి ఇంట్లో ఏం తింటున్నాడో ఫోన్లో ఊహించుకుంటూ కూర్చున్న మనిషి నోటి నుంచి అలాంటి మాటలే వస్తాయి. అవి విని ఊరుకోవాలని కాదు. వచ్చినప్పుడు ఆమెను ఒక పని అడగండి: తల్లి గటకలో బియ్యపు నూకలు కలిపేదా, తెల్లమక్కలు వాడేదా, పచ్చవా. ఈ వివరాలు నేను చెప్పలేను, ప్రతి ఇంటికీ వేరు. ఆమెకు తెలిసి ఉంటుంది.

సంవత్సరీకం రోజున మాత్రం గటక పెట్టుకోకండి. ఆ రోజు వంటకు దాని పద్ధతి దానికి ఉంటుంది, ఇంటినిండా చుట్టాలు, అందరి కళ్ళూ మీ గిన్నె మీదే ఉంటాయి. నేర్చుకునే వంట ఎవరూ చూడని రోజున చేయాలి. ఈ నాలుగు వారాల్లో రెండు ఆదివారాలు చాలు. గ్లాసు రవ్వతోనే చేయండి, చెడితే గ్లాసే చెడుతుంది.

జల్లెళ్ళు ఇంకా కొనకపోతే, కొనేటప్పుడు మామగారిని వెంట తీసుకెళ్ళండి. గటక రవ్వకు ఏ కన్ను జల్లెడ కావాలో షాపువాడి కంటే ఆయనకే బాగా తెలుసు.